రైలు మోత కింద పోయిన మాట

నేను ఒక బొమ్మల ప్రేమకథకు ఐదో పుస్తకాన్ని. ఐదోదీ, ఆఖరిదీ. పుట్టింది జపాన్‌లో. అక్కడ ఇలాంటి బొమ్మల కథలను మాంగా అంటారు. పిల్లలే కాదు, ఆఫీసులకు వెళ్ళే పెద్దవాళ్ళు కూడా రైళ్ళలో నిలబడి చదువుకుంటారు. నేను అరచేతి కంటే కాస్త పెద్దగా ఉంటాను. నూట తొంభై రెండు పేజీలు. లోపలంతా నలుపు తెలుపే, రంగులు అట్ట మీద మాత్రమే. నన్ను మీ పుస్తకాల్లా తెరిస్తే ముగింపు ముందొస్తుంది. వెనక అట్ట దగ్గర మొదలుపెట్టి ముందుకు రావాలి.

నా కథ పేరు 'ఎదురు ప్లాట్‌ఫారం'. కానా, రిత్సు అనే ఇద్దరమ్మాయిలు రోజూ ఉదయం ఒక చిన్న స్టేషన్లో ఎదురెదురు ప్లాట్‌ఫారాల మీద నిలబడి వేర్వేరు బడులకు వెళ్తుంటారు. మొదటి పుస్తకంలో వాళ్ళ చూపులు కలుస్తాయి. రెండో దాంట్లో ఒక గొడుగు కింద నడుస్తారు. మూడో దాంట్లో కానాకు జ్వరమొస్తే రిత్సు బడి మానేసి నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ కూర్చుంటుంది. నాలుగో పుస్తకం ఆఖరి పేజీలో రిత్సు, "రేపు నీకొక మాట చెప్పాలి" అంటుంది. ఆ మాట నాలో ఉండాలి.

ఉండేది కూడా. నన్ను గీసిన అసహినా కునికో గారికి అప్పుడు నలభై ఒక్కేళ్ళు. టోక్యో శివారులో రెండు గదుల ఇల్లు, ఒక గదంతా బల్లే. నూట అరవై నాలుగో పేజీలో రిత్సు ప్లాట్‌ఫారం అంచుకు వచ్చి నోరు తెరుస్తుంది. నోటి పక్కన గుండ్రటి గడి గీసి, అందులో మూడు ముక్కల్లో ఆ మాట రాసింది ఆవిడ. రాసి, కుంచె పక్కన పెట్టి, చాలాసేపు చూసుకుంది.

ఈ కథను విడతలుగా వేసే పత్రిక సంపాదకుడు మురఓకా మర్యాదస్తుడు. వచ్చినప్పుడల్లా బెల్లం ముద్ద పెట్టిన ఆవిరి కుడుముల్లాంటివి తెచ్చేవాడు. ఆ పేజీ చూసి మెచ్చుకున్నాడు. తర్వాత, "అసహినా గారూ, ఇక్కడ రైలు వస్తే ఎలా ఉంటుంది?" అన్నాడు.

"రైలెందుకు?"

"రైలు మోతలో ఆ మాట వినపడదు. గడి ఖాళీగా వదిలేద్దాం. ఎవరికి కావలసింది వాళ్ళు వినుకుంటారు. స్నేహమనుకునేవాళ్ళు స్నేహమనుకుంటారు, ఇంకోటి అనుకునేవాళ్ళు ఇంకోటి."

"ఇన్నేళ్ళుగా ఇంకోటి అనుకునేలాగే గీయించారు కదా మీరు. అట్టల మీద వేళ్ళు పెనవేయించారు. జ్వరం కథ మీరే అడిగారు."

"దానివల్లే కదా ఇంతమంది చదివారు," అన్నాడాయన, నిజాయితీగానే. "కానీ పైవాళ్ళు ఒప్పుకోరు. ఆఖర్లో పదేళ్ళ తర్వాత కానాకు పెళ్ళయినట్టు చూపిద్దాం. రిత్సు అభినందనల కార్డు పంపుతుంది. అందరూ కళ్ళు తుడుచుకుంటారు."

అసహినా గారు రెండు రోజులు ఏమీ గీయలేదు. మూడో రోజు తెల్లరంగు సీసా మూత తీసి ఆ మూడు ముక్కల మీద పూసింది. ఆరాక నల్లటి నీడ కనబడుతోందని ఇంకో పూత వేసింది. తర్వాత వెనకాల రైలు గీసింది, చాలా బాగా గీసింది, ప్రతి కిటికీ లెక్కపెట్టొచ్చు. కుంచె కడుక్కునేటప్పుడు మాత్రం నీళ్ళు తేటపడ్డాక కూడా కుళాయి కట్టలేదు.

అచ్చయి వచ్చాక నా నడుముకు కాగితం పట్టీ ఒకటి చుట్టారు. దాని మీద ఇలా ఉంది: 'ఆ రోజు ఆమె చెప్పిన మాట ఏమిటి? ఐదేళ్ళ మీ ఎదురుచూపుకు జవాబు ఈ పుస్తకంలో.' లోపల ఆ జవాబు లేదని నాకు తెలుసు. ఒంటి మీద అబద్ధం కట్టుకుని దుకాణంలో నిలబడటం సుఖంగా ఉండదు. కానీ పుస్తకాన్ని ఎవరడుగుతారు?

నన్ను కొన్నావిడ పేరు హొసోకవా మియెకో. నగోయా దగ్గర ఒక కార్ల విడిభాగాల కంపెనీలో తనిఖీ విభాగంలో పనిచేసేది. వయసు యాభై. నేను విడుదలైన రోజే ఆఫీసు నుంచి వస్తూ కొని, స్టేషన్లో బెంచీ మీద కూర్చుని చదవడం మొదలుపెట్టింది. తను ఎక్కాల్సిన రైళ్ళు రెండు వెళ్ళిపోయాయి. నూట అరవై నాలుగో పేజీ దగ్గర ఆగి, పేజీని వెలుతురుకు ఎత్తి చూసింది, అవతల నుంచి ఏమైనా కనబడుతుందేమోనని. ఆ తర్వాత నన్ను మూసి, బెంచీ మీదే వదిలేసి లేచి వెళ్ళిపోయింది. ఇరవై అడుగులు వేసి వెనక్కి వచ్చి, మళ్ళీ సంచిలో వేసుకుంది.

ఇంట్లో ఫుసాకో అనే ఆవిడ కూర తరుగుతోంది. ఆ ఇద్దరూ అప్పటికి ఇరవై రెండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఇరుగుపొరుగు వాళ్ళకు వీళ్ళు వరసకు అక్కచెల్లెళ్ళు. అలా అని వీళ్ళు చెప్పలేదు, వాళ్ళే అనుకుని స్థిమితపడ్డారు.

"చెప్పిందా?" అని అడిగింది ఫుసాకో.

"రైలొచ్చింది," అంది హొసోకవా.

ఫుసాకో కత్తి పక్కన పెట్టి నవ్వింది. ఈవిడకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఆ వారంలో హొసోకవా పత్రికకు నాలుగు పేజీల ఉత్తరం రాసింది. నెలకు జవాబొచ్చింది: నా అట్ట మీది బొమ్మే అచ్చేసిన కార్డు, 'మీ ఆదరణకు కృతజ్ఞతలు' అని. ఆ కార్డును నాలోనే పెట్టింది.

కొన్నేళ్ళకు కంపెనీ ఆవిడను రెండేళ్ళ పని మీద ఇండియా పంపింది. అలా నేనూ, నా ముందు పుట్టిన నాలుగు పుస్తకాలూ పెట్టెలో పడి తడకు వచ్చాం. తడ అంటే ఆంధ్రకు దక్షిణం కొస, దాటితే తమిళనాడు. అక్కడ కార్ల వైర్లు కట్టే కర్మాగారంలో రంగురంగుల తీగలను జడల్లా అల్లే పనంతా ఆడవాళ్ళదే. అల్లినవి సరిగ్గా ఉన్నాయో లేదో చూడటం నేర్పించడానికి హొసోకవా వచ్చింది. ఆవిడ మాట వాళ్ళకూ, వాళ్ళ మాట ఆవిడకూ చెప్పడానికి ఒక అమ్మాయి ఉండేది. పేరు పెంచల. నాయుడుపేట పిల్ల, ఇరవై ఆరేళ్ళు. మద్రాసులో రెండేళ్ళు ఉండి జపనీసు నేర్చుకుంది.

పెంచలకు లోపం, కొలత, తనిఖీ, భద్రత లాంటి మాటలన్నీ కంఠతా వచ్చు. ఒకరోజు, అత్తగారికి ఒంట్లో బాగాలేదని దిగులుగా ఉన్న ఒక కార్మికురాలిని ఓదార్చమని హొసోకవా చెబితే, పెంచల ఆవిడ మాటలను తెలుగులోకి బాగానే తెచ్చింది కానీ, ఆ అమ్మాయి దిగులును జపనీసులో చెప్పడానికి మాట దొరక్క, "ఈమెకు లోపల చిన్న సాంకేతిక సమస్య ఉంది" అంది.

హొసోకవా మర్నాడు మా ఐదింటినీ తెచ్చి ఆమె బల్ల మీద పెట్టింది. "నీ జపనీసు అంతా ఇనుము వాసన వేస్తోంది. ఇవి చదువు. అలగడం, బతిమాలడం, ఎదురుచూడటం, అన్నీ ఉన్నాయి."

"ఆఖర్న ఏమవుతుంది?" అని అడిగింది పెంచల.

"ముందు చదువు," అంది హొసోకవా. నా పట్టీ వంక చూసింది.

నాయుడుపేట నుంచి కర్మాగారానికి కంపెనీ బస్సులో గంట ప్రయాణం. ఎడమవైపు నాలుగో సీటులో పెంచల, ఆ పక్కన కిటికీ దగ్గర ఎస్తేరు. ఎస్తేరు వైర్లు పరీక్షించే బల్ల దగ్గర పనిచేసేది. తీగ ఒక్క పోగు తక్కువైనా వేళ్ళకే తెలిసిపోతుందని ఆమెకు పేరు. తక్కువ మాట్లాడేది. రెండేళ్ళుగా వాళ్ళిద్దరిదీ అదే సీటు.

"ఏందే అది, ఎనకనించి చదవతా ఉండావు?" అని అడిగింది ఎస్తేరు మొదటి రోజు.

"వాళ్ళ పుస్తకాలు అట్టనే ఉంటాయి. చెప్తా వినుకో."

పెంచల ఒక్కో గడి మీద వేలు పెట్టి, తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. కానా, రిత్సు నాయుడుపేట యాసలో మాట్లాడటం నాకు మొదట వింతగా అనిపించింది. తర్వాత అదే వాళ్ళ అసలు గొంతేమో అనిపించింది. ముందు సీటు వాళ్ళు వెనక్కి తిరిగారు. వెనక సీటు వాళ్ళు ముందుకు వంగారు. రెండో వారానికి సగం బస్సు వింటోంది. అందరికంటే శ్రద్ధ చెంగమ్మది. సూళ్ళూరుపేటలో ఎక్కేది, క్యాంటీన్లో వంటల పెద్ద, యాభై దగ్గర పడుతున్న మనిషి. పొద్దున్నే బస్సెక్కగానే తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, "నిన్న మన పిల్లకాయలు యాడ ఆగిండారు?" అనడిగేది. రిత్సును రిచ్చు అనేది. కానా అంటే అన్నం కాదు గదా అని ఒకసారి అడిగి సందేహం తీర్చుకుంది.

జ్వరం కథ వచ్చిన రోజు చెంగమ్మ, "ఆ రిచ్చు బంగారు పిల్ల. ఇంట్లో అమ్మ కూడా అట్టా చూడదు," అంది. ఎస్తేరు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. పెంచల చదివే వేలు ఆ పేజీ మీద కాస్త ఎక్కువసేపు ఉంది.

ముందుగా చదవకూడదని ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. కాబట్టి మూడు నెలల తర్వాత, కార్తీక మాసం వానల్లో, నన్ను తెరిచినప్పుడు పెంచలకు కూడా ఏం జరుగుతుందో తెలియదు. రోజుకు ఇరవై పేజీలు. తొమ్మిదో రోజు, బస్సు సూళ్ళూరుపేట దాటాక, నూట అరవై నాలుగో పేజీ వచ్చింది. చెంగమ్మ సీట్లో కూర్చోలేదు, కమ్మీ పట్టుకుని మా పక్కనే నిలబడింది.

"రిత్సు అంచు కాడికి వచ్చింది," అంది పెంచల. "నోరు తెరిచింది. కానా చూస్తా ఉంది."

"ఏమందంట?"

పెంచల పేజీ మీద వేలు జరిపింది. మళ్ళీ జరిపింది. "రైలొచ్చింది."

"రానీ. ఏమందీ?"

"రాయల్యా అక్కా. గడి ఖాళీ."

తర్వాతి పేజీలో పదేళ్ళు గడిచిపోయాయి. మిగతావి తిప్పుకుంటూ పోతే ఆఖరి పేజీలో కానా చంకలో బిడ్డ. గోడ మీద రిత్సు పంపిన కార్డు. 'నా ప్రాణ స్నేహితురాలికి' అని రాసుంది దాని మీద. పెంచల అది కూడా చదివి నన్ను మూసింది.

"ఇదా?" అంది చెంగమ్మ. "మూడు నెలలు తిప్పి తిప్పి ఇదా? గొడుగులు పట్టిచ్చి, జ్వరాలు తెప్పిచ్చి, ఇందుకా? టీవీలోళ్ళే నయం గదే." వెనకాల ఎవరో, ఆ బొమ్మలేసినామె అడ్రసు కనుక్కోమన్నారు. ఒకమ్మాయి పేజీ చిరిగిందేమో చూడమంది. బస్సంతా గోలగా ఉంది. అన్నీ నా గురించే. నిజం చెప్పాలంటే ఆ తిట్లు నాకు ఇంపుగానే అనిపించాయి. జపాన్‌లో నన్ను చదివి కళ్ళు తుడుచుకున్నవాళ్ళున్నారు గానీ, ఇలా నిలదీసినవాళ్ళ మాటలు నా చెవిన పడలేదు.

ఎస్తేరు మాత్రం గోల చేయలేదు. కర్మాగారం గేటు దగ్గర దిగేటప్పుడు పెంచలతో, "ఆ పుస్తకం ఇంక నాకు చూపించబాక," అంది. "కాయితం మీది మనుషులక్కూడా ధైర్యం ల్యా."

మర్నాడు ఆమె వెనక సీట్లో కూర్చుంది. ఆ మర్నాడూ అంతే. వచ్చే ఆదివారం గూడూరు నుంచి రైల్వేలో పనిచేసే అబ్బాయి వాళ్ళు ఎస్తేరును చూడటానికి వస్తున్నారనీ, ఆమె సరేనందనీ చెంగమ్మ ద్వారా పెంచలకు తెలిసింది.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్లో పెంచల నన్ను హొసోకవా ముందు పెట్టింది. "ఈ కథను ఎందుకిలా చేశారు?" అని జపనీసులో అడిగింది. ఆ జపనీసులో ఇనుము వాసన ఏమాత్రం లేదు.

హొసోకవా చెంచా పక్కన పెట్టింది. "ఎర," అంది. "అట్ట మీద వేళ్ళు, జ్వరం, గొడుగు, అవన్నీ ఎర. మాలాంటివాళ్ళు ఆకలితో ఉన్నామని వాళ్ళకు తెలుసు. మా బతుకును తెచ్చి గాలానికి గుచ్చుతారు. మేం దగ్గరికి వెళ్ళగానే లాగేసుకుంటారు. తర్వాత, మేమేం అనలేదే, అది స్నేహం కదా అంటారు."

"మాలాంటివాళ్ళు అంటే?" అని అడిగింది పెంచల మెల్లగా.

"ఇంట్లో ఫుసాకో ఉంది. ఇరవై తొమ్మిదేళ్ళయింది." ఆవిడ చుట్టూ చూసి చిన్నగా నవ్వింది. "ఈ మాట నువ్వు ఎవరికీ అనువాదం చేయనక్కర్లేదు."

పెంచల పళ్ళెంలో అన్నం కలుపుతూ, "మరి ఈ పుస్తకం ఎందుకు దాచుకున్నారు? పారేయొచ్చు కదా," అంది.

"పారేశాను. ఇరవై అడుగులు నడిచి మళ్ళీ తెచ్చుకున్నాను. ముందు నాలుగు పుస్తకాల్లో మేం ఉన్నాం మరి. అంతకు ముందు ఎక్కడా లేం." హొసోకవా నన్ను తీసి నూట అరవై నాలుగో పేజీ తెరిచి, ఆ ఖాళీ గడిని గోటితో తట్టింది. "ఫుసాకోతో నేను చెప్పింది మామూలు మాటే. పైగా తడబడ్డాను. రైలేమీ రాలేదు కాబట్టి వినపడింది."

ఆ సాయంత్రం పెంచల ఇంటి అరుగు మీద కూర్చుని పెన్సిలు చెక్కింది. ఆ గడి బొటనవేలంత. ఆమె అక్షరాలు పెద్దవి. రాసింది గడి దాటి, రైలు కిటికీల మీదికి కూడా వెళ్ళింది. 'నువ్వు ఎనక సీట్లో కూర్చుంటే నాకు గంట ప్రయాణం నాలుగు గంటలుగా ఉంది. నువ్వంటే నాకు ఇష్టం. స్నేహం అని కాదు. కలిసి బతకాలని ఉంది. నీకు లేకపోతే లేదని చెప్పు, సీటు మాత్రం మారబాక.' రెండుసార్లు చెరిపింది. ఆ చెరుపుకు కాగితం ఒకచోట పల్చబడింది. ఇప్పటికీ అక్కడ ముట్టుకుంటే తెలుస్తుంది.

పొద్దున బస్సులో లేచి వెనక సీటు దగ్గరికి వెళ్ళి నన్ను ఎస్తేరు ఒళ్ళో పెట్టింది.

"చూపించబాకని చెప్పుండా గదా."

"చూపించడంల్యా. ఇస్తా ఉండా. నూట అరవై నాలుగు." అని తన సీటుకు వచ్చేసింది.

ఎస్తేరు గంటసేపు నన్ను తెరవలేదు. టీ విరామంలో, పరీక్ష బల్ల మీద దీపం కింద తెరిచింది. ఆమెకు జపనీసు ఒక్క ముక్క రాదు. నా నూట తొంభై రెండు పేజీల్లో ఆమె సొంతంగా చదవగలిగింది ఆ ఐదు పెన్సిలు వాక్యాలే. తీగలు తడిమినట్టే ఒక్కో అక్షరం మీద వేలు జరుపుతూ చదివింది. గంట మోగింది. ఆమె వినలేదు. పక్క బల్ల అమ్మాయి పిలిస్తే ఉలిక్కిపడి, నన్ను ఏప్రాన్ జేబులో పెట్టుకుంది. ఆ పూటంతా నేను ఆమె పొట్టకు ఆనుకుని ఉన్నాను. ఊపిరి లోతుగా తీస్తోంది.

సాయంత్రం బస్సులో పెంచల కంటే ముందొచ్చి నాలుగో సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. పెంచల వచ్చి నిలబడితే జరిగి చోటిచ్చింది.

"నీ రాత బాగల్యా," అంది.

"తెలుసు."

"రైలంతా పాడుచేసినావు." కిటికీలోంచి బయటికి చూస్తూ, "నాకూ అంతే," అంది ఎస్తేరు. "జ్వరం కథ కాణ్ణించే. నీకు జ్వరమొస్తే బాగుండు అని కూడా అనుకున్నా, పాపం తగలాల."

పెంచల నవ్వబోయి, ఏడుపు వచ్చి, సంచిలో దేనికోసమో వెతికింది. "మరి ఆదివారం?"

"వాళ్ళని రావద్దని అమ్మకు చెప్తా. మిగతాది నిదానంగా చెప్తా. ఒక్క రోజే అంతా చెప్పాలని యాడుంది?"

గూడూరు వాళ్ళు రావడం ఆగింది. నేను ఎస్తేరు ఇంట్లో గూట్లో, బైబిలు పక్కన చేరాను. ఎస్తేరు తల్లి సువార్తమ్మ జాకెట్లు కుట్టేది. నెల రోజులు కూతుర్ని ఏమీ అడగలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం మిషను తొక్కుతూనే, "పెళ్ళి వద్దన్నావు, సరే. ఎందుకో చెప్పు," అంది.

"పెంచలతో కలిసుంటానమ్మా."

"స్నేహితురాలితో ఉండేదానికి పెళ్ళి అడ్డమా?"

"స్నేహితురాలు కాదమ్మా."

మిషను ఆగింది. సూది గుడ్డలోనే ఉండిపోయింది. సువార్తమ్మ కూతురి మొహం చూడలేదు, గోడ మీది క్యాలెండరు చూసింది. తర్వాత లేచి గూట్లోంచి నన్ను తీసి తిరగేసింది. అట్ట మీది ఇద్దరమ్మాయిల్ని చూసింది. "దీంట్లోనా నేర్చుకునింది?"

"దీంట్లో ఏమీ ల్యామ్మా. అదే నా బాధ. ఇది నాకు ముందు నించీ ఉంది."

సువార్తమ్మ నన్ను గూట్లో పెట్టింది. విసిరికొట్టలేదు. ఆ తర్వాత రెండు నెలలు ఆ ఇంట్లో అన్నం తిను, తలుపెయ్యి లాంటి మాటలు తప్ప వేరే మాట లేదు. చర్చిలో ప్రార్థనప్పుడు కూతురి కోసం ఏమని అడిగిందో నాకు తెలియదు. క్రిస్మస్ దాటి సంవత్సరం మారాక, పెంచల ఎస్తేరును దింపి గుమ్మంలోంచే వెళ్ళిపోతుంటే, లోపల్నించి సువార్తమ్మ గొంతు వినిపించింది: "ఆ పిల్లను ఉండమను. రెండు జాకెట్లు కుట్టాల, కొలతలు ఇచ్చి పొమ్మను." పెంచల చేతులు చాచి నిలబడింది. సువార్తమ్మ టేపు పట్టి భుజం నుంచి నడుము దాకా కొలిచింది. పెదవుల మధ్య గుండుసూదులు ఉన్నాయి కాబట్టి ఇద్దరూ ఏమీ మాట్లాడాల్సిన అవసరం రాలేదు.

అందరూ అలా లేరు. పెంచల అన్న ఇప్పటికీ వాళ్ళ గుమ్మం తొక్కడు. అది ఆమెకు పండగల్లో గుర్తొస్తుంది.

వాళ్ళు నాయుడుపేటలో ఒక మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. ఇల్లు మాట్లాడటానికి చెంగమ్మ వెంట వచ్చింది. ఇంటావిడ, "వీళ్ళిద్దరూ ఏమవుతారు?" అని అడిగితే పెంచల, "స్నేహితులం," అంది. చెంగమ్మ, "మా ఫ్యాక్టరీ పిల్లకాయలు, నాకు కావలసినోళ్ళు," అని మాట ముగించింది. మెట్లు దిగేటప్పుడు మాత్రం వాళ్ళిద్దరితో తగ్గు గొంతుతో, "మీ సంగతి నాకు రెండో పుస్తకం కాడే తెలుసు. గొడుగు రోజు," అంది. ఇద్దరూ మెట్ల మీదే ఆగిపోయారు. చెంగమ్మ ఆగలేదు.

పెంచల సంచిలో ఉన్న నేను, ఇంటావిడతో ఆమె చెప్పిన ఆ మాట విని ఆలోచనలో పడ్డాను. స్నేహితులం. నాలోనూ సరిగ్గా అదే మాట ఉంది, ఆ కార్డు మీద. రెండూ ఒకటేనా అని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. కాదు. వీళ్ళు ఒక తలుపు తెరిపించుకోవడానికి ఆ మాట అన్నారు. లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాక అసలు మాట మాట్లాడుకుంటారు. మురఓకా గారు ఆ మాట వాడింది, తలుపు తెరిచినట్టు చూపించి జనాన్ని బయటే నిలబెట్టడానికి. మనుషులకు దాచుకునే హక్కుంది, వాళ్ళ తల వాళ్ళు కాపాడుకోవాలి. నాకేం భయం? నన్నెవరు ఇంట్లోంచి గెంటుతారు? ఆ మాట చెప్పి ఉంటే ఒక కాగితం ముక్కకు పోయేదేమీ లేదు.

హొసోకవా రెండేళ్ళూ పూర్తి చేసుకుని వెళ్ళిపోయింది. మమ్మల్ని ఐదింటినీ పెంచలకే వదిలేసింది. వెళ్ళేటప్పుడు ఎస్తేరు చేతులు పట్టుకుని తెలుగులో, "సీటు మారబాక," అంది. ఆ ఒక్క వాక్యం కోసం వారం రోజులు సాధన చేసిందని పెంచల తర్వాత చెప్పింది. ఆరు నెలలకు నగోయా నుంచి ఒక పార్సెలు వచ్చింది. అందులో ఒక కొత్త మాంగా, ఎవరో కొత్త ఆవిడ గీసింది. ఇద్దరు నడివయసు ఆడవాళ్ళు. ఒకావిడ చేపల దుకాణం నడుపుతుంది, ఇంకో ఆవిడ పోస్టాఫీసులో పనిచేస్తుంది. ముప్పయ్యో పేజీలో, తూకం మీద చేపలుండగానే, ఒకావిడ చెప్పేస్తుంది. రెండో ఆవిడ, "నాకూ," అంటుంది. అట్ట మీద మాత్రం వేళ్ళు పెనవేసుకోవడాలు లేవు, చేపల బుట్టే ఉంది.

అది కూడా బస్సులో చదివారు. ఆ రోజు నేనూ పెంచల సంచిలో ఉన్నాను. కర్మాగారంలో ఆడవాళ్ళ విశ్రాంతి గదిలో పుస్తకాల అర ఒకటి పెట్టారు, రెండో షిఫ్టు బస్సు వాళ్ళు మా కథ అడిగారట. వాళ్ళకోసం పెంచల మా ఐదింటిలోనూ ప్రతి గడి పక్కన పెన్సిలుతో తెలుగు రాసింది. రాయడానికి వేసవంతా పట్టింది. నూట అరవై నాలుగో పేజీలోది మాత్రం ఎలా ఉన్నదో అలాగే వదిలేసింది, అందులో పేర్లు లేవు. నన్ను అక్కడికి చేర్చే ప్రయాణం అది.

ముప్పయ్యో పేజీ విని చెంగమ్మ కంగారుపడింది. "అప్పుడే చెప్పేసుకున్నారా? ఇంకేముంది చదివేదానికి?"

"ఇంకా రెండొందల పేజీలుండాయక్కా," అంది పెంచల.

"అదే, వాటిల్లో ఏముంటదని?"

ఎస్తేరు కిటికీ నుంచి తల తిప్పింది. "ఇల్లు కారతా ఉంటది. చేపల వాసన పోదని ఆమె గొణగతా ఉంటది. ఈమె గురక. వాళ్ళమ్మ వస్తే యాడ పడుకోబెట్టాల. అన్నీ ఉంటాయి గదక్కా. బతకాల గదా."

"అయితే చదువు," అంది చెంగమ్మ, సీట్లో వెనక్కి వాలి.

ఇప్పుడు నేను విశ్రాంతి గదిలో, కిటికీ పక్కన ఇనుప అరలో ఉంటున్నాను. నా నడుము పట్టీ ఎప్పుడో ఊడిపోయింది, ఎవరో దాన్ని పేజీ గుర్తుకు వాడుకుని ఎక్కడో మర్చిపోయారు. మూలలు మెత్తబడ్డాయి. నా మీద పచ్చడి మరక ఒకటుంది, మాగాయ అనుకుంటాను. టీ విరామాల్లో ఎవరో ఒకరు తీసుకుంటారు. ఎక్కువమంది పెన్సిలు రాతే చదువుతారు, అచ్చు వంక చూడరు. దానికి నేను బాధపడను.

నిన్న, రెండో షిఫ్టు నుంచి కొత్తగా పొద్దుటి షిఫ్టుకు మారిన అమ్మాయి ఒకతె, పేరు నాకింకా తెలియదు, నన్ను చివరిదాకా చదివింది. ఆఖరి పేజీలో కానా చంకలో బిడ్డను చూసి, మొహం చిట్లించి, నన్ను మూసి అరలో పెట్టింది. తర్వాత అటూ ఇటూ చూసి, అక్కడ చేతులు కడుక్కుంటున్న ఎస్తేరు దగ్గరికి వెళ్ళింది.

"అక్కా, దీని తర్వాత చేపలామెది ఒకటుండాదంట గదా. అది ఎప్పుడు తెస్తావు?"

"రేపు," అంది ఎస్తేరు, చేతులు తుడుచుకుంటూ. "పొద్దున ఎడమపక్క నాలుగో సీటు కాడికి రా."